హైతీ పాలకులు ఎవరికి జవాబుదారులు?

మీరు అడిగింది ఇది: "1804లోనే స్వాతంత్ర్యం తెచ్చుకున్న హైతీ ఇప్పటికీ ఎందుకు కోలుకోలేదు? అదే దీవిలో పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్ బాగుపడింది కదా, అంటే తప్పు నాయకులదే కదా?" 2010 భూకంపం తర్వాత కొన్నేళ్లు నేను హైతీలో తాగునీటి పనుల్లో ఉన్నాను. వచ్చేశాక కూడా ఆ దేశం గురించి చదవడం, అక్కడి పాత సహోద్యోగులతో మాట్లాడడం మానలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. నాయకుల తప్పు ఉంది, చాలా ఉంది. కానీ "మంచి నాయకుడు దొరకలేదు" అని అక్కడితో ఆపేస్తే సగం విషయం కూడా అర్థం కాదు. హైతీలో గద్దెనెక్కిన మనిషికి తన ప్రజల మెప్పుతో పెద్దగా పని పడలేదు. ఖజానాకు డబ్బు మొదట్లో రేవుల్లో వసూలయ్యే సుంకాల నుంచి వచ్చింది, తర్వాత అప్పుల నుంచి, విదేశీ సాయం నుంచి వచ్చింది. కుర్చీ నిలవాలంటే అప్పిచ్చినవాళ్ల దయ ఉండాలి, సైన్యం అండ ఉండాలి, రాయబార కార్యాలయాల ఆమోదం ఉండాలి. కొండల్లో కాఫీ పండించే రైతు దగ్గర పన్ను పిండుకోవడమే తప్ప, ఈ లెక్కలో అతనికి చోటు లేదు. ఇది ఎలా మొదలైందో చెప్పాలంటే వెనక్కి వెళ్లక తప్పదు.

హైతీ అప్పటికి ఫ్రెంచి వలస. 1791 ఆగస్టులో ఉత్తర మైదానంలోని చెరకు తోటల్లో బానిసలు తిరగబడ్డారు. వాళ్లను సైన్యంగా మలిచిన టూసాన్ లూవెర్చూర్‌ను నెపోలియన్ సేనలు 1802లో బంధించి ఫ్రాన్స్‌కు తీసుకుపోయాయి. 1803 ఏప్రిల్‌లో ఫోర్ట్ ద జూ కోటలో ఆయన చనిపోయాడు. ఆయన సేనాని జాన్-జాక్ డెసలీన్ అదే ఏడాది నవంబర్ 18న వెర్తియేర్ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న గొనాయివ్ పట్టణంలో స్వాతంత్ర్యం ప్రకటించాడు. బానిసలు తిరుగుబాటు చేసి సొంత రాజ్యం నిలబెట్టుకున్న ఉదంతం ప్రపంచ చరిత్రలో ఇదొక్కటే.

అయితే స్వేచ్ఛ రాగానే పాలకుడికీ ప్రజలకీ మధ్య ఒక చిక్కు మొదలైంది. నాయకులకు తుపాకులు కొనడానికి డబ్బు కావాలి. ఫ్రాన్స్ ఏ రోజైనా తిరిగి రావచ్చు. డబ్బు కావాలంటే పంచదార, కాఫీ ఎగుమతి కావాలి, అంటే పెద్ద తోటలు నడవాలి. జనానికి మాత్రం మళ్లీ తోటలో గంట కొడితే పనికి పోయే బతుకు వద్దు. తమదంటూ చిన్న చెక్క నేల, దాని మీద చిలగడదుంప, మొక్కజొన్న, నాలుగు కాఫీ చెట్లు చాలు. టూసాన్ అయినా డెసలీన్ అయినా సైనిక క్రమశిక్షణతో తోటలు నడిపించాలనే చూశారు. 1806 అక్టోబర్‌లో డెసలీన్‌ను సొంత మనుషులే చంపారు. దేశం రెండు ముక్కలైంది.

ఉత్తరాన ఆన్రీ క్రిస్టాఫ్ రాజై బడులు పెట్టాడు, కొండ శిఖరం మీద లఫెరియేర్ కోట కట్టించాడు, ఖజానా నింపాడు. ఆ కోట ఇప్పటికీ నిలిచి ఉంది, చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ అదంతా కట్టుబానిసత్వానికి దగ్గరగా ఉన్న చాకిరీ మీద లేచింది. 1820లో జనం, సైన్యం ఎదురు తిరిగితే ఆయన తనను తానే కాల్చుకున్నాడు. దక్షిణాన అధ్యక్షుడైన పెతియాన్ తన సైనికులకు నేల పంచాడు, జనం ఆయన్ని ప్రేమించారు, ఖజానా మాత్రం ఖాళీ. ఈ రెండింటినీ కలిపే దారి, అంటే రైతు ఒప్పుకునే పద్ధతిలో రాజ్యాన్ని కట్టే దారి, హైతీ వెతుక్కుని ఉండేదేమో. వెతుక్కునే సమయం దానికి ఇవ్వలేదు.

1825 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. తోటలు, బానిసలు పోగొట్టుకున్న ఫ్రెంచి యజమానులకు హైతీ 15 కోట్ల ఫ్రాంకులు ఐదు వాయిదాల్లో కట్టాలి, అప్పుడే స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం అని. ఆ కాగితాన్ని యుద్ధనౌకలతో పంపాడు. అప్పటికి రెండు ముక్కలనూ మళ్లీ కలిపి ఏలుతున్న అధ్యక్షుడు బోయెర్ ఒప్పుకున్నాడు. మొదటి వాయిదా కట్టడానికే పారిస్ బ్యాంకర్ల దగ్గర 3 కోట్ల ఫ్రాంకులు అప్పు తీసుకుంటే, కమిషన్ పోను 2 కోట్ల 40 లక్షలే దక్కాయి. నష్టపరిహారం ఒకటి, దాని కోసం చేసిన అప్పు మరొకటి, కాబట్టే దీన్ని "రెండింతల అప్పు" అంటారు. 1838లో మొత్తాన్ని తగ్గించారు గానీ ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తూ, ఆ గొలుసు 1947 దాకా సాగింది.

బోయెర్ ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? 1826లో గ్రామీణ చట్టం తెచ్చి రైతులను మళ్లీ తోటలకు కట్టేయాలని చూశాడు. జనం కొండలెక్కారు, చట్టం కాగితం మీదే మిగిలింది. ఇక మిగిలింది కాఫీ. రైతు పండించిన కాఫీ బస్తా రేవు దాటేటప్పుడు పడే సుంకమే దేశానికి ఆదాయం. ఆ ఆదాయంలో పెద్ద భాగం పారిస్‌కు పోయేది. రైతు నుంచి తీసుకుంది రోడ్డుగానో బడిగానో అతని ఊరికి తిరిగి రాలేదు. పాలకుడికి రేవు పట్టణం చేతిలో ఉంటే చాలు. దాన్ని పట్టుకున్న సైన్యాధికారే తర్వాతి అధ్యక్షుడు. 19వ శతాబ్దమంతా ఇదే ఆట. 1880లో పెట్టిన "జాతీయ బ్యాంకు" కూడా పారిస్ బ్యాంకుదే. హైతీ ప్రభుత్వం తన సొంత డబ్బు అందులో వేసినా తీసినా కమిషన్ కట్టాలి.

1911 ఆగస్టు నుంచి 1915 జులై దాకా నాలుగేళ్లలో ఆరుగురు అధ్యక్షులు మారారు. 1914 డిసెంబర్‌లో అమెరికా మెరైన్ సైనికులు జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల విలువైన బంగారాన్ని ఓడలోకి ఎక్కించి న్యూయార్క్‌కు పట్టుకుపోయారు. 1915 జులైలో అధ్యక్షుడు విల్‌బ్రూన్ గియోమ్ సామ్‌ను గుంపు చంపగానే అమెరికా సైన్యం దిగింది. 1934 దాకా ఉంది. రోడ్లు వేశారు, నిజమే. తుపాకీ పెట్టి రైతులతో వెట్టిచాకిరీ చేయించి వేశారు. ఎదురు తిరిగిన షార్లెమాన్ పెరాల్ట్‌ను 1919లో చంపి, శవాన్ని తలుపుకు కట్టి ఫోటో తీసి పంచారు. జనం భయపడతారనుకుంటే ఆ ఫోటోలో సిలువ మీది క్రీస్తును చూసుకున్నారు. 1918 రాజ్యాంగంతో విదేశీయులకు భూమి కొనే హక్కు వచ్చింది. డెసలీన్ కాలం నుంచి దాని మీద ఉన్న నిషేధం అలా పోయింది.

ఆ 19 ఏళ్లలో జరిగిన ఇంకో మార్పు గురించి తక్కువమంది మాట్లాడతారు గానీ నా దృష్టిలో దాని నష్టమే ఎక్కువ కాలం నిలిచింది. అంతకు ముందు కాప్-హైతియన్, జక్మెల్, లె కయ్ లాంటి రేవు పట్టణాలకు సొంత వ్యాపారం, సొంత బలం ఉండేవి. ఆక్రమణ కాలంలో వసూళ్లు, సైన్యం, ఆఫీసులు అన్నీ రాజధాని పోర్టో-ప్రాన్స్‌కు చేరాయి. మిగతా దేశం వెలి ప్రాంతంలా అయింది. పల్లెల్లో పుట్టినవాళ్ల జనన పత్రాల మీద "రైతు" అని విడిగా రాసే అలవాటు 1990ల దాకా సాగింది. పుట్టగానే ఫలానావాడు రెండో తరగతి పౌరుడని కాగితం మీద రాసిచ్చే రాజ్యం ఆ పల్లెకు ఆసుపత్రి కడుతుందని ఎలా అనుకుంటాం?

ఇక డొమినికన్ రిపబ్లిక్‌తో పోలిక. ఇక్కడ హైతీ పాలకులను వెనకేసుకురావడం నాకు ఇష్టం లేదు. 1960 ప్రాంతంలో రెండు దేశాల తలసరి ఆదాయం దాదాపు ఒకే స్థాయిలో ఉండేది. అటువైపు కూడా నియంతలే ఏలారు, అమెరికా సైన్యం అక్కడా దిగింది. కాబట్టి 1825 నాటి అప్పు ఒక్కటే అన్నిటికీ కారణం అంటే సరిపోదు. రెండూ విడిపోయింది ముఖ్యంగా ఆ తర్వాతి దశాబ్దాల్లో, అంటే దువాలియే తండ్రీకొడుకుల కాలంలోనూ దాని పర్యవసానాల్లోనూ.

ఫ్రాన్స్వా దువాలియే పల్లెల్లో చర్మవ్యాధులకు పెన్సిలిన్ ఇచ్చిన డాక్టరు. అందుకే "పాపా డాక్" అన్నారు. నల్లజాతి పేదల పేరు చెప్పి 1957లో గెలిచాడు. 1964లో తనను తానే జీవితకాల అధ్యక్షుడిగా ప్రకటించుకున్నాడు. సైన్యాన్ని నమ్మక, తొంతొన్ మకూట్ అనే సొంత ముఠాను పెంచాడు. పొగాకు గుత్తాధిపత్య సంస్థ వసూళ్లు బడ్జెట్‌లోకి రాకుండా నేరుగా ఆయన చేతికి పోయేవి. డాక్టర్లు, టీచర్లు, ఇంజనీర్లు వేలల్లో పారిపోయారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చిన కాంగోకు పాఠాలు చెప్పడానికి హైతీ టీచర్లు వెళ్లారు, మరెందరో మాంట్రియల్‌కు, న్యూయార్క్‌కు పోయారు. ఒక దేశం తన చదువుకున్న తరాన్ని మొత్తంగా పోగొట్టుకుంటే దాన్ని ఏ అప్పు మాఫీ తిరిగి తేలేదు. అయినా ఆయన 1971లో మంచం మీద చనిపోయేదాకా కుర్చీలోనే ఉన్నాడు, ఎందుకంటే పక్కనే కాస్ట్రో క్యూబా ఉంది, వాషింగ్టన్‌కు కమ్యూనిస్టు వ్యతిరేకి కావాలి. 19 ఏళ్ల కొడుకు జాన్-క్లోద్ ఆ గద్దెనెక్కి 1986 ఫిబ్రవరి 7న ఫ్రాన్స్‌కు పారిపోయాడు.

సరిహద్దు గురించి ఒక్క మాట. 1937లో డొమినికన్ నియంత త్రుహీయో ఆజ్ఞతో సరిహద్దు ప్రాంతంలో వేలమంది హైతీయులను నరికి చంపారు. అప్పటి హైతీ అధ్యక్షుడు స్తెనియో వెన్సాన్ పెద్దగా నోరు విప్పలేదు. 7 లక్షల 50 వేల డాలర్ల పరిహారానికి ఒప్పుకుని, చివరికి 5 లక్షల 25 వేలతో సరిపెట్టుకున్నాడు. చచ్చినవాళ్లు చెరకు కూలీలు, పేద రైతులు. ఆయన కుర్చీ వాళ్ల ఓటు మీద నిలబడి లేదు.

1987 మార్చిలో ప్రజలు రెఫరెండంలో కొత్త రాజ్యాంగానికి ఓటేశారు. జనం మాట్లాడే క్రియోల్‌ను అధికార భాషగా గుర్తించిన, అధ్యక్షుడు వరుసగా రెండోసారి పోటీ చేయకుండా ఆపిన రాజ్యాంగం అది. అదే ఏడు నవంబర్ 29న పోలింగ్ కేంద్రం దగ్గర ఓటర్లను కాల్చి చంపారు, ఎన్నిక ఆగిపోయింది. చివరికి 1990 డిసెంబర్‌లో బస్తీల్లో పనిచేసిన ఫాదర్ జాన్-బెర్ట్రాన్ అరిస్తీద్ మూడింట రెండొంతుల ఓట్లతో గెలిచారు. ఎనిమిది నెలలు కాకముందే, 1991 సెప్టెంబర్ 30న సైన్యం కూలదోసింది. అరిస్తీద్‌లో లోపాలు లేవని అనను. ప్రత్యర్థులతో కలిసి నడవడం ఆయనకు రాలేదు, రెండోసారి పాలించినప్పుడు ఆయన పేరు చెప్పుకుని ఆయుధాలు పట్టిన గుంపులు చాలా అన్యాయం చేశాయి. కానీ జనం ఎన్నుకున్న మనిషిని దించే హక్కు ఆ జనానిదే అన్న సూత్రం అక్కడే పోయింది.

1994 అక్టోబర్‌లో 20 వేల అమెరికా సైనికుల అండతో ఆయన్ని తిరిగి తెచ్చారు. ఆ అండకు ధర బియ్యం. బియ్యం మీద 35 శాతం దాకా ఉన్న సుంకాన్ని 1995లో 3 శాతానికి దించారు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే వరి పండించే ప్రాంతం వాళ్లం మనం, దీన్ని వేరేవాళ్ల కంటే బాగా అర్థం చేసుకోగలం.

ఆర్తిబోనీత్ లోయ హైతీ ధాన్యాగారం. కాలువలు, నారుమళ్లు, నాట్లు, గట్ల మీద కొంగలు. మన గోదావరి జిల్లాల మనిషి అక్కడికెళితే కళ్లు చెమ్మగిల్లుతాయి. 1980ల తొలి ఏళ్లలో దేశానికి కావాల్సిన బియ్యంలో చాలా భాగం అక్కడే పండేది. సుంకం తీసేశాక సబ్సిడీలతో పండిన అమెరికా బియ్యం ఓడల్లో వచ్చి పడింది. జనం దాన్ని "మయామి బియ్యం" అంటారు. సంతలో బియ్యం అమ్మే ఆడవాళ్లు పెద్ద రేకు డబ్బాతో కొలుస్తారు, దాన్ని మామిట్ అంటారు. పక్కపక్కనే రెండు గోతాలు ఉంటాయి. ఆర్తిబోనీత్ బియ్యానికి వాసన, రుచి ఎక్కువ, అందరూ దాన్నే పొగుడుతారు. కొనేది మాత్రం మయామి బియ్యం, ఎందుకంటే చేతిలో ఉన్న డబ్బుకు అదే వస్తుంది. ఇప్పుడు దేశం తినే బియ్యంలో దాదాపు 80 శాతం దిగుమతే. పొలం వదిలిన రైతులు పోర్టో-ప్రాన్స్ కొండవాలు మీద సిమెంటు ఇటుకల గదుల్లోకి చేరారు. 2010లో ఆ గదులే వాళ్ల మీద కూలాయి. ఆ ఏడాది మార్చిలో బిల్ క్లింటన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు, ఈ విధానం తన సొంత రాష్ట్రం అర్కాన్సా రైతులకు కొంత పనికొచ్చి ఉండవచ్చు గానీ హైతీ ప్రజలు తిండి పండించుకునే శక్తిని దెబ్బతీసిందని ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే. సుంకం మాత్రం తిరిగి పెరగలేదు.

మంచి నాయకుడే లేడా అన్నారు కదా, రెనే ప్రెవాల్ పేరు చెబుతాను. వ్యవసాయ శాస్త్రం చదువుకున్న మనిషి. ఎన్నికల్లో గెలిచి, పూర్తి కాలం పాలించి, గెలిచిన తర్వాతివాడికి పదవి అప్పగించి ఇంటికెళ్లిన మొదటి హైతీ అధ్యక్షుడు. రెండుసార్లు ఆ పని చేశారు, 2001లో, 2011లో. మొదటి పాలనలో ఆర్తిబోనీత్‌లో భూసంస్కరణకు ప్రయత్నించారు. తన కుటుంబం ఊరు మార్మలాద్‌లో రైతు సంఘాలు, వెదురు పని, పండ్ల రసం లాంటివి నిలబెట్టాలని తపించారు. గొప్ప వక్త కాదు. భూకంపం తర్వాత జనం ఆయన గొంతు వినాలనుకుంటే మౌనంగా ఉండిపోయారు, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ చిన్న చిన్న పనులు నిలబెట్టడానికి కూడా ఆయనకు ఎంత తక్కువ చోటు మిగిలిందో చూడండి. 1997లో ప్రధాని రాజీనామా చేస్తే పార్లమెంటుతో తగాదాల వల్ల దాదాపు రెండేళ్లు కొత్త ప్రధానే లేడు. 2008 ఏప్రిల్‌లో తిండి ధరల మీద అల్లర్లు జరిగితే సెనేట్ మళ్లీ ప్రధానిని ఇంటికి పంపింది. ధరలు పెరిగింది అంతర్జాతీయ మార్కెట్‌లో, ఇంట్లో వరి పండకుండా చేసిన విధానం వల్ల దెబ్బ పదింతలైంది, బలైంది ఒక ప్రధాని.

2010 జనవరి 12 సాయంత్రం 4:53కు 7.0 తీవ్రతతో భూమి కంపించింది. అధ్యక్ష భవనం, పార్లమెంటు, దాదాపు అన్ని మంత్రిత్వ శాఖల భవనాలు కూలాయి. చనిపోయినవాళ్ల లెక్క లక్ష నుంచి మూడు లక్షల దాకా చెబుతారు. ఆ తర్వాత జరిగింది నేను దగ్గర్నుంచి చూశాను. విమానాశ్రయం పక్కన ఐక్యరాజ్య సమితి స్థావరంలో నీళ్లు, పారిశుద్ధ్యం పనుల సమన్వయ సమావేశాలు జరిగేవి. గుడారంలో ఏసీ, తెర మీద పటాలు, మాట్లాడేది ఇంగ్లీషు. గేటు దగ్గర పాస్ చూపించాలి. ఏ బస్తీలో ఏ బావి ఉందో నోటి లెక్కగా చెప్పగల హైతీ ఉద్యోగులు ఆ గేటు దాటి రావడానికే కష్టపడేవారు, వచ్చినా ఆ భాషలో మాట్లాడలేక వెనక కూర్చునేవారు. మొదటి రెండేళ్ల అత్యవసర సాయంలో హైతీ ప్రభుత్వం చేతికి నేరుగా వెళ్లింది దాదాపు ఒక్క శాతం. "అవినీతి ప్రభుత్వం, డబ్బు ఇస్తే తినేస్తారు" అని వాదన. ఆ భయం ఉత్తదని అనను. కానీ డబ్బంతా పక్కదారిన పోతే మంత్రిత్వ శాఖ ఎన్నటికీ పని నేర్చుకోదు. మంచి ఇంజనీరు ప్రభుత్వ జీతం వదిలి విదేశీ సంస్థలో డ్రైవరుగా చేరితే ఎక్కువ వస్తుంది. అలా చేరినవాళ్లు నాకు తెలుసు.

అదే ఏడాది అక్టోబర్‌లో కలరా వచ్చింది. హైతీలో అంతకు ముందు ఎవరూ ఎరగని జబ్బు. మీరెబాలె దగ్గర ఐరాస శాంతిసేన శిబిరం మురుగు మేయ్ వాగులో కలిసింది. వాగు ఆర్తిబోనీత్ నదిలో కలుస్తుంది. నది నీళ్లే వరి మళ్లకు, తాగడానికి. 8 లక్షలమందికి పైగా జబ్బు పడ్డారు, దాదాపు 10 వేలమంది చనిపోయారు. ఐరాస క్షమాపణ చెప్పింది 2016 డిసెంబర్‌లో. నీటి పని చేసేవాళ్లమంతా ఆ ఆరేళ్లూ జనం కళ్లలోకి చూసి మాట్లాడలేకపోయాం.

శిథిలాల మధ్యే ఎన్నికలు పెట్టారు. తొలి రౌండ్ ఫలితాల మీద గొడవ వస్తే రెండు అమెరికా ఖండాల దేశాల సంస్థ (OAS) బృందం లెక్కలు చూసి, రెండో రౌండ్‌లోకి వెళ్లాల్సినవాడిని మార్చాలని సిఫారసు చేసింది. అలా ముందుకొచ్చిన గాయకుడు మిషెల్ మార్తెలీ అధ్యక్షుడయ్యారు. ఆ కాలంలో వెనెజువెలా పెట్రోకరీబె పథకం కింద చవక వడ్డీకి చమురు ఇచ్చేది. అలా దాదాపు 200 కోట్ల డాలర్లు పోగయ్యాయి, రోడ్లకు, ఇళ్లకు, ఆసుపత్రులకు వాడాలి. బయటివాళ్ల షరతులు పెద్దగా లేకుండా హైతీ ప్రభుత్వం చేతికి నేరుగా వచ్చిన డబ్బు అది. దాన్ని ఇంటివాళ్లే తిన్నారు. 2019లో ఆడిట్ కోర్టు నివేదిక ఒకే రోడ్డు పనికి రెండు కంపెనీలకు చెల్లించిన ఉదాహరణ బయటపెట్టింది. అందులో ఒకటి అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న జొవెనెల్ మొయిజ్ ఒకప్పుడు నడిపిన సంస్థ. ఆయన ఆరోపణను ఖండించారు. ఆ నివేదికకు ముందే, 2018 ఆగస్టులో, కుర్రాళ్లు "పెట్రోకరీబె డబ్బు ఎక్కడ?" అని అట్టముక్కల మీద రాసి వీధుల్లోకి వచ్చారు. నన్ను అడిగితే 1986 తర్వాత హైతీలో అంత శుద్ధమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. పాలకుడి నుంచి లెక్క అడిగారు, అంతే. దానికి సరైన జవాబు ఈరోజుకీ రాలేదు.

2021 జులై 7 రాత్రి మొయిజ్‌ను సొంత ఇంట్లో కాల్చి చంపారు. తర్వాత ప్రధాని ఎవరన్న వివాదం తేలింది ఎలాగో చూడండి. అమెరికా, ఫ్రాన్స్, కెనడా తదితర రాయబారుల బృందం ఉంది, కోర్ గ్రూప్ అంటారు. జులై 17న వాళ్లు ఒక ప్రకటన ఇచ్చి ఏరియల్ ఆన్రీని ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. రోజుల్లోనే పదవిలో ఉన్న ప్రధాని తప్పుకున్నారు, ఆన్రీ వచ్చారు. ఆగస్టు 30న రైతు సంఘాలు, చర్చిలు, పౌర సంఘాలు, పార్టీలు కలిసి మొంతానా ఒప్పందం పేరుతో సొంత మార్గం రాసుకుంటే దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 2023 జనవరిలో చివరి పదిమంది సెనేటర్ల గడువు ముగిసింది. దేశం మొత్తం మీద జనం ఓటేసి గెలిపించిన ప్రతినిధి ఒక్కడూ మిగల్లేదు.

ముఠాల సంగతి వార్తల్లో చూస్తూనే ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆకాశం నుంచి ఊడిపడలేదు అవి. ఓట్లు గుంజడానికి, రేవులో సరుకు కాపాడుకోవడానికి, ప్రత్యర్థిని బెదిరించడానికి రాజకీయ నాయకులు, వ్యాపారులు దశాబ్దాలుగా వాళ్లకు డబ్బు, తుపాకులు ఇచ్చారు. తుపాకుల్లో ఎక్కువ భాగం ఫ్లోరిడా నుంచి వస్తాయి. 2024 ఫిబ్రవరి చివర్లో ముఠాలు ఏకమై పోలీసు స్టేషన్ల మీద, విమానాశ్రయం మీద పడ్డాయి, జైళ్లు బద్దలుకొట్టాయి. విదేశంలో ఉన్న ఆన్రీ తిరిగి రాలేక రాజీనామా చేశారు. ఏప్రిల్‌లో తొమ్మిదిమంది తాత్కాలిక అధ్యక్ష మండలి వచ్చింది, 2026 ఫిబ్రవరి 7 దాకా గడువు పెట్టుకుని. 2024లో ముఠాల హింసకు 5,600 మందికి పైగా చనిపోయారని ఐరాస లెక్క. 2025 మధ్యకు 13 లక్షలమంది ఇళ్లు వదిలారు. వాళ్లలో నాతో పనిచేసిన కుటుంబాలూ ఉన్నాయి.

ఇంతా చదివాక "అయితే ఏ ఆశా లేదా" అనిపిస్తుంది. 2023లో వనమెంత్ దగ్గర జరిగింది చెబుతాను. అది ఈశాన్యాన, డొమినికన్ సరిహద్దులో ఉన్న పట్టణం. మాసాకర్ నది నుంచి మారిబారూ మైదానానికి నీళ్లు తెచ్చే కాలువ పని మొయిజ్ హత్య తర్వాత ఆగిపోయింది. వరుస కరువుతో విసిగిన రైతులు 2023 ఆగస్టులో తామే పని మొదలుపెట్టారు. డొమినికన్ అధ్యక్షుడు అబినాదేర్ వద్దన్నారు, సెప్టెంబర్ 15న సరిహద్దు మొత్తం మూసేశారు. పని ఆగలేదు. ఒకరు సిమెంటు బస్తా, ఒకరు ఇసుక, ఒకరు ఇనుప ఊచలు తెచ్చారు. ఆడవాళ్లు డేగిసాలు పెట్టి అందరికీ వండారు. మయామి, బోస్టన్, మాంట్రియల్‌లో ఉన్న హైతీయులు డబ్బు పంపారు. పక్కవాడి పొలంలో వంతులవారీగా అందరూ కలిసి పనిచేసే కోన్‌బీట్ పద్ధతి అక్కడ ఎప్పటి నుంచో ఉంది. ఆ పద్ధతినే ఒక కాలువ స్థాయికి తెచ్చారు. ప్రభుత్వం మొదట తటపటాయించి తర్వాత వెనక నుంచి వచ్చి కలిసింది. హైతీలో పాలకుడు జనం వెనక నడిచిన సందర్భాలు చాలా తక్కువ. అందుకే ఈ కాలువను నేను చిన్న విషయంగా చూడను.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: గొప్ప నాయకుడి కోసం ఎదురుచూడడం వల్ల హైతీకి ఒరిగేదేమీ లేదు. 1987 రాజ్యాంగంలోనే ఒక దారి రాసి ఉంది. దేశాన్ని చిన్న చిన్న గ్రామ విభాగాలుగా చేసి, ప్రతిదానికీ ఎన్నికైన కౌన్సిల్, సభ ఉండాలన్నారు. వాటి నుంచి మున్సిపల్ సభలు, వాటి పైన జిల్లా స్థాయి సభలు. శాశ్వత ఎన్నికల సంఘంలోకి సభ్యుల పేర్లు పంపడంలో ఆ సభలకు వాటా ఇచ్చారు. ఆ మెట్లు సరిగ్గా కట్టనే లేదు. దాంతో 1987 నుంచి ప్రతి ఎన్నికా "తాత్కాలిక" సంఘమే నడిపింది, ప్రతిసారీ దాన్ని వేసినవాడి మీద అనుమానమే. అధ్యక్షుడి ఎన్నిక కోసం కోట్లు ఖర్చుపెట్టి, గ్రామ కౌన్సిళ్లను మాత్రం ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. ముఠాలను అణచడానికి 2025 సెప్టెంబర్ 30న భద్రతా మండలి 5,550 మంది దళానికి అనుమతి ఇచ్చింది. తుపాకీకి ఎదురు తుపాకీ కొంతకాలం కావాలి, అది నేను కాదనను. మీరు ఈ విషయం మీద వ్యాసం రాస్తున్నా, వార్తలు గమనిస్తున్నా, తర్వాతి ఎన్నికల ప్రకటన వచ్చినప్పుడు అధ్యక్ష అభ్యర్థుల పేర్ల కంటే ముందు, గ్రామ కౌన్సిళ్ల ఎన్నిక తేదీ అందులో ఉందో లేదో వెతకండి. సుంకాల డబ్బులో ఆ కౌన్సిళ్లకు ఎంత వాటా రాశారో కూడా చూడండి.